పెళ్ళివారి గుమ్మం మీద రెండు బకెట్ల నీళ్ళు

ఇది చదివాక మీరెవరూ నన్ను కళాభిమాని అనే సాహసం చెయ్యరు. ఒక మహా చిత్రకారుడి బొమ్మను, ఆయన చేతే నీళ్ళ బకెట్టు మోయించి మరీ చీపురుతో కడిగేసిన ఘనురాలిని నేను.

కాపురానికి ఈ బెంగాలీల పేట వాట్‌గంజ్ వచ్చిన మొదటి చలికాలమది. అనిమేష్‌బాబు బొమ్మలంటే నాకు పిచ్చి. ఆయన ప్రదర్శన ఎక్కడ పెట్టినా వెళ్ళేదాన్ని గానీ, ఆయన మాత్రం ఒక్కసారీ కనిపించలేదు. ఆయన వేసిన బొమ్మ, కిందనే గడ్డంతో ఆయన ఫొటో ఉన్న క్యాలెండరు పాతబడినా గోడ మీంచి తీయనిచ్చేదాన్ని కాదు. "దేవుడి పటం కన్నా దీన్నే ఎక్కువ తుడుస్తాది," అని మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఆ రోజు ఎదురు ఫ్లాట్ మాలా బౌదీ (వాళ్ళ భాషలో వదిన) ఇంటికి కొత్త కోడలు వస్తోంది. పొద్దున్నే తలుపు తీస్తే, వాళ్ళ గుమ్మం ముందు నిన్నటి ముగ్గు అలాగే ఉంది. లతలు, చేపలు, శంఖాలు. కొత్త కోడలు పాత ముగ్గు మీద కాలు పెట్టడమా! మా రాజమండ్రిలో అయితే నలుగురూ ముక్కున వేలేసుకుంటారు. పాపం, హడావుడిలో మరిచిపోయుంటారు, ఆ పుణ్యమేదో నేనే కట్టుకుందామని బకెట్టెడు నీళ్ళు కుమ్మరించాను.

మెట్ల దగ్గర ఒక పెద్దాయన, మంకీ క్యాపులోంచి కళ్ళూ నోరూ మాత్రం బయటపెట్టి టీ తాగుతున్నాడు. నీళ్ళు చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"నిన్నటి ముగ్గు కడుగుతున్నాను దాదా," అన్నాను వచ్చీరాని హిందీలో.

"బాగాలేదా?"

అడిగితే చెప్పకుండా ఉంటానా? "చుక్కల్లేకుండా వేశారు. ఈ చేప చూడండి, గీత ఎలా వణికిందో!"

"వేసినవాడు ముసలాడేమో."

"ముసలాడైతే కూర్చుని టీ తాగాలి గానీ పెళ్ళింటి గుమ్మం పాడుచేస్తాడా? కాస్త ఆ రెండో బకెట్టు ఇలా అందించండి."

ఆయన కప్పు కింద పెట్టి బుద్ధిగా అందించాడు. క్యాపులోంచి ఏదో చప్పుడు వచ్చింది. దగ్గనుకున్నాను. నేల ఆరాక చుక్కలెలా పెట్టాలో కూడా నేర్పుతుంటే, ఊకొడుతూ విన్నాడు.

అంతలో బౌదీ తలుపు తీసి కెవ్వుమంది. "సర్వనాశనం! మామా, మీరేసిన ఆల్పనా ముగ్గు ఏదీ? నిన్న సాయంత్రమంతా నేల మీద కూర్చుని వేశారే! దాని మీద నడిచే కదా కోడలు లోపలికి రావాలి, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తుంది!"

మామ క్యాపు తీశాడు. కింద క్యాలెండరులో గడ్డం! నా చేతిలో చీపురు జారిపోయింది.

మా అత్తగారు బయటికొచ్చింది. "ఏటే ఆ అరుపులు? ఓలమ్మా! నువ్వు రోజూ తుడిసే ముసిలోడు ఈయనే కాదేటే!"

కాళ్ళ మీద పడబోతే ఆయన ఆపాడు. "ఏడుపు తరవాత. ముందు బియ్యం రుబ్బుకురా. మళ్ళీ వేద్దాం."

రుబ్బాను. జీవితంలో అంత మెత్తగా ఎప్పుడూ రుబ్బలేదు. ఆయన మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నేల మీద చతికిలబడుతుంటే మాత్రం నిజంగా సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన వేలితో పిండి ముంచి గీస్తుంటే గిన్నె పట్టుకుని ఊపిరి బిగబట్టాను. ఆఖరి శంఖం ఇంకా తడిగా ఉండగానే మెట్ల మీద కోడలి గాజులు వినిపించాయి. ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ చేసే ఉలూధ్వనుల మధ్య ఆ పిల్ల తడి పిండి అంటిన పాదాలతో లోపలికి వెళ్ళింది. హమ్మయ్య అనుకున్నాను.

గండం గడిచాక మనిషికి ఆశ పుడుతుంది కదా. క్యాలెండరు పట్టుకుని మెల్లగా ఆయన దగ్గరికి చేరాను. "బాబూ, ఒక్క సంతకం..."

"సంతకమా? నిన్న ఆ మూల పెట్టానమ్మా," అన్నాడాయన ఎంతో సౌమ్యంగా. "అన్నిటికంటే ముందు నువ్వు కడిగింది దాన్నే."

ఆ క్షణమే కాళీమాత సాక్షిగా శపథం చేశాను. ఇకమీదట పక్కింటి గుమ్మం ఎంత మాసిపోయినా సరే, నాలుగు మూలలా వంగి చూసి, ఎవరి సంతకమూ లేదని రూఢి చేసుకున్నాకే చీపురెత్తుతాను.