పడుకుని చూడవలసిన బొంత

మా మేనత్త ఏ వస్తువునైనా కిందనుంచి చూస్తేగాని నమ్మదు. నిలబడి చూసిన చూపు చూపే కాదంటుంది. కుర్చీ కానీ, బల్ల కానీ, ఇల్లు కానీ, ముందు దాని కింద వెల్లకిలా పడుకుంటుంది. ఆ తర్వాతే మాట.

ఒకసారి భోజనాల బల్ల కొనడానికి ఆవిడతో షాపుకి వెళ్ళాను. షాపతను పాలిష్ గొప్పదనం చెప్పుకుంటూ ఇటు తిరిగేసరికి మనిషి లేదు. బల్ల కిందనుంచి రెండు చెప్పులు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

"ఏమ్మా, కళ్ళు తిరిగాయా?" అన్నాడు కంగారుగా.

"లేదు బాబూ. ఇక్కడ రెండు మేకులు తక్కువ కొట్టారు. ఒరేయ్, నువ్వూ వచ్చి చూడు."

"నేను నిలబడే చూస్తాలే అత్తా," అన్నాను. నేను ఎలక్ట్రీషియన్ని. నిచ్చెనెక్కి లోకాన్ని పైనుంచి చూసుకుని బతికేవాణ్ణి. షాపుల్లో నేల మీద దొర్లే ముచ్చట మా వంశంలో ఆవిడ ఒక్కదానికే ఉంది.

నాకు అద్దె ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడూ ఇదే వరస. హాలు మధ్యలో పడుకుని సీలింగు కేసి పావుగంట చూసి, "ఈ ఇంట్లో జబ్బు చేస్తే ఏం చూస్తూ పడుకోవాలి?" అని ఇంటాయన్ని నిలదీసింది. ఆయన ఇల్లు అద్దెకివ్వడం మానుకున్నాడు.

అలాంటి మనిషి బొంత కుట్టడానికి కూర్చుంది. మామూలు బొంత కాదు, రాత్రి ఆకాశం బొంత. ఇక ఆ ఇంట్లో నల్లగుడ్డకీ నీలంగుడ్డకీ నూకలు చెల్లాయి. ముందు గొడుగులు పోయాయి. తర్వాత మావయ్య కోటు పోయింది.

"నా కోటేదే?" అన్నాడు మావయ్య చలికి వణుకుతూ.

"ఉత్తరం దిక్కున ఉంది."

వాళ్ళింట్లో వదిలిన నా యూనిఫాం ప్యాంటు సప్తర్షుల వెనకాల ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికే ఏడుగురూ దాని మీద కుదురుగా కూర్చున్నారు.

కుట్టు మాత్రం బ్రహ్మాండం. ఒక్క కుట్టు పక్కకి జరిగినా మొత్తం విప్పి మళ్ళీ కుట్టేది. కాకపోతే చుక్కలన్నీ అడుగువైపే. పైనుంచి చూస్తే వట్టి నల్లగుడ్డ.

"అత్తా, తిరగేసి కుడుతున్నావేమో."

"ఆకాశాన్ని పైనుంచి చూస్తే ఎలా ఉంటుందిరా?"

"తెలీదు."

"నాకూ తెలీదు. అందుకే ఆ వైపు వదిలేశాను."

ఈ పనికి అడ్డు చెప్పగల మనిషి ఆ ఇంట్లో ఒక్కరే, ఆవిడ అత్తగారు. ఇంటిల్లిపాదీ ఆవిణ్ణి చాటుగా హైకోర్టు అంటాం. మూడేళ్ళ కిందట తుంటి విరిగి ముందుగదిలో మంచాన పడింది. అయినా తీర్పులు ఆగలేదు. కూరలో ఉప్పు, గడియారం నడక, పక్కింటివాళ్ళ దగ్గు, అన్నిటికీ మంచం మీదనుంచే విచారణ. "ఆ పీలికలు నా గదిలోకి తెస్తే ఊరుకోను," అని బొంత మీద మొదట్లోనే స్టే ఇచ్చింది. అత్త వెనకగదిలో కుట్టుకునేది.

ఇంతలో చేతికుట్టు ప్రదర్శన జరుగుతుందని తెలిసింది. అత్త ప్రాణమంతా దాని మీదే పెట్టుకుంది. "పని తెలిసినవాళ్ళు కిందనుంచి చూసి బాగుందనాలిరా. అనకపోతే మొత్తం కత్తిరించి మసిగుడ్డలు చేసేస్తా," అంది. అన్నంత పనీ చేసే మనిషి. నాకు భయం పట్టుకుంది.

అదే వారం అత్త నాచేత హైకోర్టు గదిలో సీలింగు ఫ్యాను తీయించి గోడకి మార్పించింది, మంచం పైన నాలుగు కొక్కేలు బిగించమంది. దోమతెరకేమో అనుకుని బిగించాను. గాలి పక్కనుంచి కొడుతోందని హైకోర్టు నాకు చీవాట్లు పెట్టింది.

ప్రదర్శనలో అందరి బొంతలూ గోడలకి బుద్ధిగా వేలాడుతున్నాయి. మాది మాత్రం నాలుగు నిచ్చెనల మధ్య, నడుం ఎత్తున కట్టాను.

"గోడకి తగిలించండమ్మా," అంది నిర్వాహకురాలు.

"ఆకాశాన్ని గోడకి ఎవరు కొడతారండీ?" అంది అత్త.

న్యాయనిర్ణేతల్లో పెద్దాయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఇస్త్రీ నలగని తెల్లప్యాంటు. వచ్చి నల్లగుడ్డని పైనుంచి తేరిపార చూశాడు.

"పడుకోండి మాస్టారూ," అంది అత్త.

"ఎవరు?"

"మీరే."

"నేను నిలబడే చూస్తానమ్మా." ఆ మాటతో నాకు ఆయన మీద ఎక్కడలేని గౌరవం కలిగింది.

"నిలబడితే మా ఆయన కోటు ఒక్కటే కనిపిస్తుందండీ," అంది అత్త. చేతిలో కత్తెర సిద్ధంగా ఉంది.

ఆయన కత్తెరనే చూశాడో, ఆవిడ మొహాన్నే చూశాడో తెలీదు. జేబులో పెన్ను తీసి నా చేతికిచ్చి, మోకాళ్ళు పట్టుకుని కూర్చుని, పడుకుని, మెల్లగా లోపలికి జరిగాడు. రెండు బూట్లు బయట మిగిలాయి. అయిదు నిమిషాలైనా బయటికి రాలేదు.

"ఏమైందండీ?" అంది రెండో జడ్జి వంగి.

"మాట్లాడకండి. మీరూ రండి," అని లోపలినుంచి వినిపించింది.

కాసేపటికి బయట ఆరు జతల బూట్లు తేలాయి. వాటిలో ఒక జత వాచ్‌మన్‌ది. ఎవరో గురక కూడా పెట్టారు. మొదటి బహుమతి వెండికప్పు మాకే వచ్చింది.

"గెలిచిన బొంత ఏడాదిపాటు హాల్లోనే ఉంచాలి," అంది నిర్వాహకురాలు.

"అయితే కప్పు మీరే ఉంచుకోండి," అని అత్త బొంత మడిచి చంకన పెట్టుకుంది.

దారిలో నాకు ఒళ్ళు మండింది. "గెలవాలని అంత తాపత్రయపడ్డావు కదా అత్తా?"

"కింది కోర్టులో తేలకుండా హైకోర్టుకి ఎలా తీసుకెళ్తాంరా?"

అప్పుడు అర్థమయ్యాయి నాకు ఆ కొక్కేలు. ఇంటికెళ్ళి, కిటికీ తెరలు వేసి, బొంతని మంచానికి పైన తగిలించాం. ఇద్దరం తీర్పు కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఎదుటివాళ్ళు నోరు తెరవకముందే తీర్పు చెప్పే మనిషి, చుక్కల్ని ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టింది. చివరికి నా వైపు తిరిగింది.

"నేనిలా మంచాన పడ్డ మర్నాడు మీ అత్త వచ్చి నా పక్కన పడుకుంది. ఏమిటే అంటే, మీకేం కనిపిస్తుందో చూస్తున్నానంది. ఏముంది, ఫ్యాను మీద మసి. డాబా మీద పడుకుని చుక్కలు చూసేదాన్ని, ఇక అదీ లేదు అన్నాను. అప్పట్నుంచే దీనికి ఈ పడుకునే జబ్బు."

బల్ల, అద్దె ఇల్లు, అన్నీ ఆ తర్వాతి వేషాలే. నేను మూడేళ్ళుగా నలుగురికీ చెప్పి నవ్వించినవి. నాకు సిగ్గేసింది.

"అయినా ఆ మూల చుక్క వంకరగా ఉంది," అంది హైకోర్టు.

"ఏది అత్తయ్యా?" అంటూ అత్త మంచమెక్కి పక్కన పడుకుంది. "అది ధ్రువుడండీ. నిటారుగా ఉన్నాడు."

"నా కళ్ళకి గంతలు కట్టకు. ఒరేయ్ అబ్బాయ్, నువ్వు చెప్పు."

మంచం మీద మూడో మనిషికి చోటు లేదు. చెప్పులతో సహా నేల మీద వెల్లకిలా పడుకున్నాను. చుక్క నిజంగానే వంకరగా ఉంది. ఒక్క కుట్టు జరిగితే మొత్తం విప్పే మనిషి దీన్నెలా వదిలేసిందా అనుకుంటుండగా, అత్త మంచం అంచునుంచి తల కిందికి వేలాడేసి నా చెవిలో గొణిగింది.

"తప్పొకటి ఉండాలిరా. లేకపోతే ఆవిడకి పొద్దుపోదు."

ఆ కేసు ఇంకా తేలలేదు. రోజూ సాయంత్రం టీ తాగి ఇద్దరూ పక్కపక్కన పడుకుని వాదించుకుంటారు. వీలున్నప్పుడు సాక్షిగా నేనూ వెళ్ళి నేల మీద పడుకుంటాను.