బాపు గొంగడి

హిమాలయాలకు బైకు మీద బయలుదేరుతుంటే మా బాపు తన గొంగడి తెచ్చి సీటుకు కట్టాడు. పదేళ్లు వానల్లో గొర్రెల వెంట తిరిగిన గొంగడి అది. జడ్చర్లలో చాయ్‌కి ఆగగానే, వెనక బండి మీద వస్తున్న నా దోస్తు ముక్కు మూసుకున్నాడు.

"గీ గొర్ల కంపేందిరా!"

నాకు ఒళ్లు మండింది. అతని రెయిన్‌కోటు ఖరీదైనది, కొత్తది.

హిమాలయాల్లో కనుమ ఎక్కుతుంటే మంచుతో కలిసి వాన కొట్టింది. బాపులాగే గొంగడి కొస మడిచి, హెల్మెట్ మీదుగా టోపీలా కొప్పు వేసుకుని, నడుముకు తాడు బిగించాను. లోపలికి చుక్క దిగలేదు. పైన బండ్లు ఆపేసరికి దోస్తు కోటు కుట్లన్నీ కారి, పళ్లు టకటకమంటున్నాయి.

"జర నాకు గూడ జాగియ్యరా."

"కంపొస్తది మరి," అంటూ గొంగడి ఎత్తిపట్టాను.

ముక్కుతో సహా దూరాడు.