మా కిటికీకి కట్టిన టాపర్

మా ఎండను మా ఇంటి ఓనర్ అమ్ముకున్నాడు. సివిల్స్ కోచింగ్ కోసం ఊరొదిలి వచ్చిన ఈ ముఖర్జీ నగర్‌లో మా గదికి ఉన్నది ఒక్కటే కిటికీ. పోయిన వారం దాన్ని మూసేస్తూ ఓ కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ కట్టించాడు. వీధికి టాపర్ చిరునవ్వు, మాకు దాని వెనకవైపు.

నా రూమ్మేట్ రమణ ఊరి నుంచి విత్తనాలు తెచ్చి, పెయింట్ డబ్బాలో పెంచుతున్న గోంగూర అప్పటినుంచీ పాలిపోతోంది. కోట్ల కిలోమీటర్ల శూన్యాన్ని ఎనిమిది నిమిషాల్లో దాటొచ్చిన వెలుగు చివరి జానెడు దూరంలో ఆగిపోయింది. ఆ వెలుగుతోనే ఆకు తన తిండి వండుకుంటుంది, ఆ వంటే మనందరికీ తిండి. ఈ పాఠాన్ని మేం ట్యూబ్‌లైట్ కింద బట్టీ పడుతున్నాం!

ఇవాళ సాయంత్రం డబ్బా పట్టుకెళ్లి ఓనర్‌ని నిలదీశాను.

"అరే బేటా, ట్యూబ్‌లైట్ తో హై నా! వెలుతురుకి అది చాలదా? రేపు నీకు ర్యాంకొస్తే నీ ఫోటో కూడా ఇక్కడే కట్టిస్తా."

"అప్పుడు నా వెనక చీకట్లో ఎవరు చదవాలి అంకుల్?"

ఆయన టీవీ సౌండ్ పెంచాడు.

"గొడవపడితే ఖాళీ చేయమంటాడ్రా. ప్రిలిమ్స్ ముందు ఎక్కడికి పోతాం?" అన్నాడు రమణ. నిజమే. ఉండలేం, పోలేం.

మీ గదిలోకి ఎండ వస్తుంటే ఈ పోస్టు కింద రాయండి, కాస్త కుళ్లుకుంటాను.

ఒక్కణ్ణయితే గెంటేస్తాడు. ఆ ఫ్లెక్సీ వెనక ఇంకా మూడు గదులున్నాయి. అందులో ఉన్నవాళ్లారా, రేపు పొద్దున ఏడింటికి, ఎండ మన గోడ మీదికొచ్చే వేళకు, గేటు దగ్గరికి రండి. గోంగూర డబ్బా నేను తెస్తాను.