ఉలవల మీద మోటారు రేసు

ఆ రోజుల్లో మా పావగడ తాలూకాలో మనిషి ఎదురుచూసేవి రెండే రెండు. ఒకటి వాన, రెండోది బస్సు. రెండింటికీ ఒక వేళ ఉందని పెద్దలు చెప్పేవారు గానీ, ఆ రెండూ ఆ సంగతి విన్న పాపాన పోలేదు. అలాంటి చోట మోటారు రేసు అనే మహావిద్యకు పునాదిరాయి వేసినవాణ్ణి నేను. తాలూకాలో మొట్టమొదటి కారు రేసు డ్రైవర్ ఎవరని ఇప్పటి పిల్లల్ని అడిగితే తెల్లమొహం వేస్తారు. వాళ్ల తప్పేం లేదు, పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లు నన్ను మరిచిపోయారు. (నా రేసు జీవితం ఒక ఆదివారం పొద్దున మొదలై అదే రోజు మధ్యాహ్నానికి ముగిసిపోవడం కూడా ఒక కారణం కావచ్చు.)

అప్పటికి నాకు ఇరవయ్యొక్కేళ్లు. ఎస్సెస్సెల్సీని మూడుసార్లు దర్శించుకుని, ఆ దేవుడు నాకు ప్రసన్నం కాడని తేలిపోయాక మా చిన్నమామ జీపుకు డ్రైవర్‌నయ్యాను. చిన్నమామ అంటే మా అమ్మ తమ్ముడు. ఆ జీపును మిలిటరీవాళ్లు ఇక దీనితో యుద్ధం చేయలేమని వేలం వేస్తే, దానితో సంసారం చేయవచ్చని నమ్మి కొన్నవాడు. తలుపులు లేవు. బ్రేకు మొదటిసారి తొక్కితే వినేది కాదు, రెండోసారి తొక్కితే ఆలోచించేది, మూడోసారికి ఆగేది. హారన్ మాత్రం నాగలమడికలో కొడితే ఏటి అవతల వినిపించేది. పంట ఉన్న నెలల్లో ఊళ్లనుంచి వేరుశెనగ మూటలు పావగడ మిల్లుకు తోలేవాణ్ణి. పంట లేని నెలల్లో మనుషుల్ని మూటల్లాగే పేర్చి తోలేవాణ్ణి. ఆ యేళ్లలో పంట లేని నెలలు పన్నెండు ఉండేవి కాబట్టి నాకు మనుషుల్ని పేర్చడంలో మంచి చేయి తిరిగింది.

నాకు రేసు పిచ్చి పట్టించింది ఒక బోండా. టీకొట్టులో బోండాలు చుట్టి ఇచ్చిన కాగితం మీద, మోటార్లు పుట్టిన కొత్తలో రేసులు తోలిన ఒక దొర బొమ్మ ఉండేది. మొహం నిండా దుమ్ము, కళ్లకు పెద్ద అద్దాలు, కొనదేరిన మీసం. ఆయన సైకిల్ షాపులో పని నేర్చుకున్నాడనీ, మొదటి రేసులోనే అందరినీ వెనక్కి నెట్టాడనీ కింద రాసి ఉంది. ఆ తర్వాత ఏమయ్యాడో నూనె మరకలో కలిసిపోయింది. సగం చరిత్ర చదివి ఒక మనిషిని ఆదర్శంగా పెట్టుకోకూడదని అప్పుడు నాకు తెలియదు. మొహం నిండా దుమ్ము అనే అర్హత మాత్రం మా తాలూకాలో పుట్టుకతోనే వస్తుంది కదా అని సంతోషించాను.

ఇలా ఉండగా మిల్లు యజమాని అల్లుడు బెంగళూరు నుంచి కొత్త కారులో దిగాడు. ఊరంతా ఆయన్ని మిల్లల్లుడు అనేవారు. ఆయన నిజంగానే రేసులు తోలేవాడు, బెంగళూరులో స్నేహితులతో కలిసి ఒక షెడ్డు పెట్టుకుని పాత కార్లను రేసుకు తయారు చేసేవాడు. మిల్లు ముందు మనుషుల్ని దింపుతుంటే నా జీపు చూసి నవ్వాడు. నాకు రోషం వచ్చింది. మాటా మాటా పెరిగి చివరికి ఆయనే ఒక పందెం వేశాడు. నాగలమడిక ఏటి దగ్గర బయలుదేరి పావగడ సర్కిల్‌కు ఎవరు ముందు చేరితే వాళ్లు గెలిచినట్టు. "నువ్వు గెలిచినావంటే గురూ, నా జతకి బెంగులూరికి వచ్చేయ్. షెడ్డులో పని, రెండో కారుకు నువ్వే డ్రైవర్" అన్నాడు. ఓడిపోతే ఏమిటని నేను అడగలేదు. ఓడిపోతే ఏమవుతుందో రోజూ చూస్తూనే ఉన్నాను గదా.

అది వరసగా మూడో కరువు. వేరుశెనగ వేసిన భూమి విత్తనాన్ని కూడా తిరిగి ఇవ్వలేదు. ఆలస్యంగా రెండు చినుకులు పడితే, ఇంకేం వేయలేక అందరూ ఉలవలు చల్లారు. అందుకని బెంగళూరు అన్న మాట నాకు చల్లటి మజ్జిగలాగా అనిపించింది. ఇంట్లో చెప్పాను. అమ్మ కాసేపు ఏడ్చి, అక్కడ రాగిముద్ద దొరుకుతుందా అని అడిగింది. నాయన నాతో మాట్లాడటం మానేశాడు. (అంతకుముందు కూడా పెద్దగా మాట్లాడేవాడు కాదు కాబట్టి మానేశాడని తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది.) ఆయనకు నేనొక్కణ్ణే కొడుకుని. తర్వాత అమ్మ చెప్పింది, నాయన ఆమెను ఒక్కటే ప్రశ్న అడిగాడట, ఎన్నాళ్లకొకసారి వస్తాడంట అని.

నేను మాత్రం రేసు పనుల్లో మునిగిపోయాను. బొమ్మలో దొరకున్నట్టు కళ్లద్దాలు కావాలి గనుక వెల్డింగు షాపులో నల్లద్దాలు అరువు తెచ్చుకున్నాను. వాటిలోంచి సూర్యుడు చక్కగా కనిపించేవాడు, రోడ్డే కనిపించేది కాదు. జీపు ముందుభాగం మీద ఒకటో నంబరు వేయమని బోర్డులు రాసే పెయింటర్‌ను పిలిచాను. ఆయన అంతదాకా ఊరి గోడల మీద కుటుంబ నియంత్రణ ముక్కోణాలు వేసి పేరు తెచ్చుకున్నవాడు. అలవాటు కొద్దీ ఎర్ర ముక్కోణం వేసి, దాని మధ్యలో ఒకటి వేశాడు. ఆ సాయంత్రం రెండు ఊళ్లలో పెళ్లయిన మగవాళ్లు నా జీపును చూడగానే ఆపరేషన్లకు పట్టుకుపోయే బండి అనుకుని చేలకు అడ్డంపడి పరిగెత్తారు. అన్నిటికంటే ముఖ్యమైన పని ప్రచారం. వారం రోజులపాటు దారి పొడుగునా ప్రతి టీకొట్టు దగ్గరా జీపు ఆపి, ఆదివారం పొద్దున ఈ రోడ్డు మీద రెండు బండ్లు తప్పకుండా వస్తాయి, గొర్రెల్ని, మేకల్ని రోడ్డెక్కించవద్దు అని పేరుపేరునా చెప్పాను. జనం ఎంత శ్రద్ధగా విన్నారంటే, ఎన్ని గంటలకు వస్తాయి, చక్రాలు ఎంత వెడల్పు అని కూడా అడిగారు. మా వాళ్లకు రేసుల మీద ఇంత మక్కువ ఉందని తెలిసి నా గుండె ఉప్పొంగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఉలవలు పీకి ఎండబెట్టాక కళ్లంలో పరిచి ఎద్దులతో తొక్కించాలి. ఆ యేడు మేత లేక ఎద్దులన్నీ సంతకు పోయాయి. ఎద్దులు లేనివాళ్లకు తారురోడ్డే కళ్లం. ఉలవ తీగను రోడ్డు మీద పరిస్తే వచ్చేపోయే బండ్లే తొక్కిపెడతాయి. చిక్కల్లా ఏమిటంటే, మా రోడ్డు మీద వచ్చేపోయే బండ్లు ఉండేవి కావు. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు, నడుమ నా జీపు. అలాంటి రోడ్డు మీద రెండు బండ్లు ఫలానా రోజు, ఫలానా వేళకు, ఎవరూ పిలవకుండా, డీజిలు కూడా అడక్కుండా వస్తున్నాయని నేనే స్వయంగా చాటింపు వేశాను.

ఆదివారం పొద్దున ఎండిపోయిన ఏట్లో రెండు బండ్లూ పక్కపక్కన నిలబెట్టాం. మా చిన్నమామ తువ్వాలు ఊపాడు. మిల్లల్లుడి కారు బాణంలా దూసుకుపోయింది. నా జీపు రెండుసార్లు దగ్గి మూడోసారి కదిలింది. మొదటి మలుపు తిరిగేసరికి రోడ్డు లేదు. ఎంత దూరం చూసినా రోడ్డు ఉండవలసిన చోట మోకాలెత్తున ఉలవ తీగ పరిచి ఉంది. ఊరి తర్వాత ఊరు, పావగడ దాకా, శనివారం రాత్రంతా కూర్చుని పరిచారట. రెండు పక్కలా ఆడవాళ్లు చీపుర్లు, చేటలు పట్టుకుని, మగవాళ్లు పంగల కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఏ దేశపు రేసుకూ ఇంతమంది వచ్చి ఉండరు. వాళ్లలో ఒక్కరు కూడా ఎవరు గెలుస్తారని అడగలేదు.

నల్లద్దాలు తీసి పక్కన పడేశాను. జీపుకు నాలుగు చక్రాల పట్టు ఉంది గనుక తీగ మీద తడబడకుండా పోగలను, వేగం పెంచుదామనుకుంటున్నాను. ఇంతలో ఒక అవ్వ రోడ్డు మధ్యలో చేట అడ్డం పెట్టి నిలబడింది. మూడుసార్లు బ్రేకు తొక్కితే ఆమెకు జానెడు దూరంలో ఆగాను. ఆమె కదలలేదు.

"నిదానంగా తోలప్పా. ముందర పోయినోడు జోరుగా పాయ, గింజంతా గుంతలోకి ఎగిరి పాయ. సమ్మచ్చరమంతా తినల్ల ఇది" అంది.

అవతల చూస్తే, మిల్లల్లుడి వేగానికి చిమ్మిన గింజల కోసం ఇద్దరు ఆడవాళ్లు గుంతలో మట్టి జల్లెడ పడుతున్నారు. నేను మొదటి గేరులోకి దిగాను. (మోటారు రేసుల చరిత్రలో మొదటి గేరులో నడిచిన రేసు ఇదొక్కటే అయి ఉంటుంది.) అవ్వ పక్కనే నడుస్తూ, ఇటు కొంచెం జరుగు, అటు అంచు తొక్కలేదు అని చెబుతూ వచ్చింది. ఆమెది అయ్యాక పక్కింటివాళ్లది వచ్చింది. వాళ్లది కూడా అవ్వది తొక్కినంత సేపు తొక్కకపోతే పక్షపాతం కింద లెక్క. ప్రతి ఊళ్లోనూ అదే మర్యాద. ఒకచోట మజ్జిగ ఇచ్చారు. ఇంకొకచోట, వెనక ఖాళీగా ఉంది గదా అని ఒక బాలింతను, బిడ్డను ఎక్కించి పావగడ ఆసుపత్రిలో దింపమన్నారు. రేసులో ఉన్నానని చెప్పాను. అయితే ఇంకా మంచిది, తొందరగా పోతారు అన్నారు.

నేను ఓడిపోయాననే అనుకున్నాను. కానీ సగం దారిలో మిల్లల్లుడి కారు కనిపించింది. దాని పొట్ట నేలకు దగ్గర. జోరుగా పోయినకొద్దీ తీగంతా కింద ఇరుసుకు చుట్టుకుని, వేడికి పొగ లేచింది. నలుగురు మనుషులు కొడవళ్లతో కారు కింద పడుకుని చుట్టుకున్న తీగ కోసి లాగుతున్నారు. జాలితో కాదు, ఆ తీగలో ఇంకా కాయలు ఉన్నాయని. లాగిన తీగను తిరిగి రోడ్డు మీదే పరుస్తున్నారు. మిల్లల్లుడు గట్టున కూర్చుని తల పట్టుకున్నాడు. నన్ను చూసి చెయ్యెత్తి, పో గురూ అన్నట్టు ఊపాడు. మంచివాడు, ఇప్పటికీ అదే మాట అంటాను.

ఇక నా ముందు ఎవరూ లేరు. ఆసుపత్రి దగ్గర దింపవలసినవాళ్లు వెనక నిద్రపోతున్నారు. పావగడ కొండ కనిపించింది. ఇంకో మైలు పోతే సర్కిల్, సర్కిల్ దాటితే బెంగళూరు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే హారన్ కొట్టవలసిన అవసరం కనిపించలేదు. ఆ ఆఖరి మైలులో, మా చేను రోడ్డుకు తగిలే చోట, చివరి ఉలవ పరుపు ఉంది. దాని పక్కన పంగల కర్ర పట్టుకుని మా నాయన నిలబడి ఉన్నాడు. మా ఉలవలు కూడా పీకారని నాకు తెలియదు, నేను వారం నుంచి ఇంట్లో ఉంటే గదా తెలియడానికి.

ఆయన జీపుకు అడ్డం రాలేదు. చెయ్యి కూడా ఎత్తలేదు. నేనే ఆపాను. "మనవి కూడా ఒక సుట్టు తిప్పుతావా?" అన్నాడు. అది పది రోజుల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట.

ఒక చుట్టు తిప్పాను. "ఇంగొక సుట్టు" అన్నాడు. తిప్పాను. తీగను పంగల కర్రతో ఎత్తి దులిపి చూశాడు, గింజలు జలజలా రాలాయి. "ఆ మూల ఇంగా కాయలుండాయి" అన్నాడు. నేను ఆ మూల చూశాను. అక్కడ వట్టి పొట్టు ఉంది. ఆయన నా మొహం చూడకుండా ఆ పొట్టునే చూస్తున్నాడు. అమ్మ చీపురు పట్టుకుని అటు తిరిగి నిలబడింది. నేను స్టీరింగ్ తిప్పాను. మూడో చుట్టు, నాలుగో చుట్టు. ఐదో చుట్టులో ఉండగా మిల్లల్లుడి కారు తోకలాగా ఉలవ తీగ ఈడ్చుకుంటూ రోడ్డు అంచున మమ్మల్ని దాటి పోయింది. నాయన అది కొండ మలుపు తిరిగేదాకా చూశాడు.

"సాలు లేరా. ఇంగ తిప్పితే గింజ నలిగిపోతాది" అన్నాడు.

తల్లీబిడ్డల్ని ఆసుపత్రిలో దింపి సర్కిల్‌కు పోయేసరికి మిల్లల్లుడు సోడా తాగుతున్నాడు. నాకూ ఒకటి ఇప్పించి, నువ్వే ముందుంటివి గదా, ఎక్కడ ఆగిపోయావు అని అడిగాడు. బ్రేకు పట్టేసింది అన్నాను. నా బ్రేకు సంగతి తెలిసినవాడెవడూ ఆ మాట నమ్మడు, ఆయనకు తెలియదు గనుక నమ్మాడు. మరుసటి రోజు ఆయన బెంగళూరు వెళ్లిపోయాడు. తర్వాతి యేడు ఐదు ఊళ్ల పెద్దలు మా ఇంటికొచ్చి, రేసు ఎప్పుడు పెడతావప్పా, ఈసారి కొర్రలు కూడా ఉండాయి అని అడిగారు. నేను రిటైరయ్యానని చెప్పాను.

ఇప్పుడు ఆ రోడ్డు నున్నగా, వెడల్పుగా ఉంది. అటు వల్లూరు వైపు చేలల్లో వేరుశెనగకు బదులు ఎండతో కరెంటు పుట్టించే అద్దాల పలకలు మొలిచాయి, వాటికి వానతో పని లేదు. నేను జీపు తర్వాత వ్యాను, వ్యాను తర్వాత స్కూలు బస్సు తోలి, నిజంగానే రిటైరయ్యాను. నాయన పోయి చాలా యేళ్లయింది. ఆ ఆదివారం గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నన్ను ఆయన ఆపేశాడని కొన్నాళ్లు కోపం పెట్టుకున్నాను, నిజమే. కానీ ఆయన అడిగింది చుట్టు తిప్పమనే, పోవద్దని కాదు. రెండో చుట్టుకే ఉలవలన్నీ రాలిపోయాయని ఆయనకెంత తెలుసో నాకూ అంతే తెలుసు. ఎదురుగా మైలు దూరంలో బెంగళూరు పెట్టుకుని, వట్టి పొట్టు మీద ఐదో చుట్టుదాకా జీపు తిప్పిన ఆ ఇరవయ్యొక్కేళ్లవాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. రేసు డ్రైవర్‌గా వాడు ఎందుకూ పనికిరాడు గానీ, వాడంటే నాకు ఇష్టమే.