కణుజు వెంట గురమ్మ

గురమ్మ పుట్టిల్లు సాలూరు అవతల, ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట కొండను ఆనుకుని ఉన్న చిన్న ఊరు. తండ్రి నూకయ్యకు కాస్త మెట్ట పొలం, పంట కాపలాకని సర్కారు లైసెన్సు ఇచ్చిన మందుగుండు తుపాకీ ఒకటి ఉండేవి. తల్లి చిన్నప్పుడే పోయింది. ఆడపిల్లను ఒంటరిగా ఇంట్లో వదల్లేక ఆయన ఆమెను తన వెంట అడవికి తీసుకుపోయేవాడు. మొదట నీళ్ళబుర్ర మోసింది. తర్వాత జాడ చూడ్డం నేర్చుకుంది. పెద్దమనిషయ్యే నాటికి తుపాకీలో మందు దట్టించడం కూడా వచ్చేసింది.

ఆ కొండల్లో తిరిగే దుప్పుల్లో కణుజు పెద్దది. గేదె పెయ్యంత ఒళ్ళు, తడిమట్టి రంగు, మగదానికి చెట్టుకొమ్మల్లా పైకి లేచిన కొమ్ములు. పడుచు పోతును కొట్టడం పెద్ద పని కాదనేవాడు నూకయ్య. అది ఆకలికి తొందరపడుతుంది, ఆడదాని వాసన తగిలితే ఒళ్ళు మరిచిపోతుంది. ముదిరిన పోతు అలా కాదు. ఆడవాటిని ముందు చేలోకి పోనిచ్చి, తాను చెట్లచాటున చాలాసేపు నిలబడి చెవులు రిక్కిస్తుంది. నిన్న వచ్చిన దారిని ఇవాళ రాదు. పడుకున్నా గాలి వీపుకు తగిలేలా పడుకుంటుంది. వెనకనుంచి వచ్చేవాడి వాసన గాలి చెబుతుంది, ముందునుంచి వచ్చేవాణ్ణి కళ్ళు చూస్తాయి.

తుపాకీ సంగతి చివర్లో చూసుకోవచ్చు, ముందు గాలి ఎటుందో చూడు అనేవాడాయన. గుప్పెట్లో బూడిద తీసి వదిలేవాడు. ఎండెక్కాక గాలి కొండ మీదికి ఎక్కుతుందని, తెల్లవారగట్ల చల్లబడి కిందికి జారుతుందని ఆ బూడిదతోనే కూతురికి చూపించాడు.

ఆయన పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. దెబ్బ తిన్న జంతువును వదిలేసి ఇంటికి రాకూడదు. ఒకసారి గురి తప్పి ఆడ కణుజు కడుపులో తగిలితే దాని వెంట పగలంతా నడిచి, మర్నాడు పొద్దువాలే వేళకి ఇల్లు చేరాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

వేట కూడదని చట్టం అప్పటికే ఉంది. ఆ కొండమూలకు వచ్చి అడిగేవాళ్ళు తక్కువ. అడిగేవాళ్ళు పెరిగేసరికి నూకయ్య మంచాన పడ్డాడు. గురమ్మకు పెళ్ళయిన మరుసటి ఏడాది పోయాడు. తుపాకీ పోలీస్ స్టేషనుకు చేరింది.

అత్తవారిది పాతపట్నం అవతల, ఒడిశా కొండల కింద ఉన్న గెడ్డవలస. దిగువన వరి, ఎగువన మెట్ట. భర్త జగన్నాధం నెమ్మదస్తుడు. అత్త మాత్రం నిష్ఠ గల మనిషి, ఏటా శ్రీకూర్మం వెళ్ళి స్వామిని చూసి రానిదే ఆవిడకు ఏడాది గడిచినట్టుండదు. గురమ్మ కాపురానికి వచ్చిన కొత్తలోనే, వేటాడేవాళ్ళ ఇంట పచ్చినీళ్ళు కూడా తాగనని ఆవిడ ఎవరితోనో అంటుండగా వింది. ఆ రోజునుంచి తండ్రి తుపాకీ సంగతి ఆ ఇంట్లో ఎత్తలేదు. అత్త పోయింది, పిల్లలు పెరిగి ఎవరి సంసారాలు వాళ్ళు చూసుకుంటున్నారు. గురమ్మకు యాభై దాటాయి. అయినా ఆ మాట రాలేదు.

నిరుడు మార్గశిరంలో మెట్టచేలో కంది కాయకొచ్చింది. అన్నదమ్ములిద్దరూ ఉమ్మడిగా వేసిన చేను అది. జగన్నాధం తమ్ముడు నరసింగరావు లారీ మీద డ్రైవరుగా తిరిగి తిరిగి విసిగి ఇంటికి వచ్చేసి, ఆ ఏడే మళ్ళీ సేద్యంలో దిగాడు. ఒకరోజు పొద్దున్న చూసేసరికి కొండవైపు సాళ్ళలో మొక్కలన్నీ మొదలంటా విరిగి ఉన్నాయి. డబ్బాలు కొట్టారు, మంట వేశారు, టపాకాయలు పేల్చారు. నాలుగు రోజులు ఆగి ఆ జంతువేదో మళ్ళీ వచ్చింది.

గురమ్మ కంది కోసమే వెళ్ళినట్టు వెళ్ళి గట్టు వెంట నడిచింది. గిట్టల గుర్తులు వెడల్పుగా, మడమవైపు లోతుగా దిగాయి. కొండదారిలో ఉసిరి చెట్టు బెరడు కొమ్ముల రాపిడికి ఆమె తలకంటే ఎత్తున చీరుకుపోయి ఉంది. ముదిరిన పోతు, ఒంటరిది. చేలోకి వచ్చిన ప్రతిసారీ వేరే చోటునుంచి దిగింది, కాని తిరిగి కొండ ఎక్కేటప్పుడు మాత్రం రెండు బండల మధ్య ఇరుకులోంచే పోయింది. తెల్లవారే వేళ, తిండి తిని ఒళ్ళు బరువెక్కినప్పుడు అది చేసే పొరపాటు అదొక్కటే. అక్కడ నిలబడి ఆమె ఇదంతా తెలుసుకుంది. తెలుసుకున్నందుకు భయపడింది కూడా. ఎవరికీ చెప్పలేదు.

నరసింగరావు కొండమీద ఎవరిదగ్గరో నాటు తుపాకీ ఒకటి సంపాదించుకు వచ్చాడు. అన్న వద్దన్నాడు, కేసవుతుందన్నాడు. చేను పోతుంటే చూస్తూ కూర్చోమంటావా అని తమ్ముడు ఎదురు తిరిగాడు. ఆ ఇరుకు దారిని అతనూ కనిపెట్టాడు. పైబండ ఎక్కి కూర్చుంటే కింద కనబడుతుందని అతని లెక్క. అన్నం వడ్డిస్తున్న గురమ్మ ఉండబట్టలేక ఒక మాట అంది. తెల్లారి గాలి కిందికి జారుతుంది, పైన కూర్చుంటే నీ వాసన దానికి ముందే తెలిసిపోతుంది అని. నరసింగరావు నవ్వి, నీకెందుకొదినా ఈ గొడవ అన్నాడు.

మర్నాడు మంచు విడకముందే కొండవైపు తుపాకీ పేలింది. కాసేపటికి నరసింగరావు పెరట్లోకి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"తగిలింది వదినా. బండలకాడికొచ్చి ఆగిపోనాది, వాసనొచ్చినట్టున్నాది. పక్కకి తిరిగిందని తొందరపడి కొట్టేసినాను. కాలీడ్చుకుంటా పోనాది."

"దాన్ని అలాగొగ్గేసి ఎలాగొచ్చేసినావు?" అంది గురమ్మ.

పేలుడు ఎవరైనా విని ఉంటారని, తుపాకీ ముందు దాచాలని మాత్రం అన్నాడు. గురమ్మ అతని చేతిలోంచి తుపాకీ తీసుకుంది. మందు ఎంత మిగిలిందో చూసింది. ఒక్క దెబ్బకు సరిపోతుంది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, చూస్తూ నిలబడిపోయిన భర్త వైపు తిరిగింది.

"రా మావా. నాకు తోడు కావాల."

బండల దగ్గర రాలిన వెంట్రుకలు, ఎముక ముక్క ఒకటి, కొద్దిగా నెత్తురు కనిపించాయి. ముందుకాలు విరిగిందని గురమ్మ చెప్పింది. జగన్నాధం జాడ పట్టుకుని కదలబోతే ఆపింది. వెంటనే తరిమితే అది పడుకోదని, భయంతో మూడు కాళ్ళమీదే కొండలు దాటిపోతుందని, కాసేపు ఊరుకుంటే నొప్పికి ఎక్కడో ఒకచోట ఒరుగుతుందని అంది. ఇద్దరూ బండ కింద కూర్చున్నారు. మంచు కరిగి ఆకులమీంచి కారుతోంది. జగన్నాధం ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు.

"ఇయన్నీ నీకెలాగ తెలుసు?"

"మా అయ్య నేర్పినాడు."

"ఇన్నేళ్ళు సెప్పనేదేటి?"

"మీ యమ్మ వేటాడినోల్లింట నీల్లు కూడా తాగనంది. కొత్త కోడల్ని, ఏటని సెప్పుకోను? ఆ తరవాత సెప్పడానికి నోరు రానేదు."

నీ చేత్తో ఎప్పుడైనా కొట్టావా అని జగన్నాధం నెమ్మదిగా అడిగాడు. కొట్టానంది. అతను తలాడించాడు. ఆ తలాడింపులో కోపం లేదని తెలిశాక ఆమెకు ఊపిరి తేలికైంది.

ఎండ చెట్ల మొదళ్ళకు దిగాక లేచారు. కొంతదూరం జాడ తేలిగ్గానే దొరికింది. ఒక గిట్ట గుర్తు ఉండవలసిన చోట నేలమీద గీత ఉంది. రాళ్ళనేల వచ్చాక అదీ పోయింది. దెబ్బతిన్నది నీళ్ళకు పోతుంది, విరిగిన కాలితో ఎత్తు ఎక్కదు అని తండ్రి చెప్పేవాడు. గురమ్మ ఆ మాట పట్టుకుని కింద పారే గెడ్డవైపు దిగింది. గెడ్డ వెంట ఆ చివరనుంచి ఈ చివరకు ఇసుక అంతా చూశారు. ఏ గుర్తూ లేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. వెళ్ళిపోదామని జగన్నాధం అనలేదు. వెనక్కి వెళ్ళి రాళ్ళనేల దగ్గర మళ్ళీ వెతకడం మొదలుపెట్టాడు. కాసేపటికి పైనుంచి పిలిచాడు. నడుమెత్తున పాలకొడిశ ఆకుమీద నెత్తురు రాసుకుని ఎండిపోయి ఉంది. అది పైకే ఎక్కింది.

ఎక్కగా ఎక్కగా వెదురు గుబురు ఒకటి వచ్చింది. గురమ్మ చెయ్యెత్తి భర్తను ఆపి, గాలికి అడ్డంగా చుట్టు తిరిగి పక్కనుంచి వెళ్ళింది. కణుజు పడుకుని ఉంది. కొమ్ములు వెదురుకు ఆనుకుని ఉన్నాయి. మూతి ముందు నురగ. మనిషిని చూసి లేవబోయింది, విరిగిన కాలు మోకాలి పైనుంచి వేలాడింది, మళ్ళీ కూలబడింది. దాని కళ్ళు ఆమె మీదనుంచి కదల్లేదు.

గురమ్మ మిగిలిన మందు తుపాకీలో దట్టించింది. తుపాకీ పట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది. జగన్నాధం దగ్గరకొచ్చి, నాను కొట్టనా అని అడిగాడు.

"నీకు రాదు మావా. ఇది తప్పితే మరి మందు లేదు. అటు తిరుగు."

వెదురు కణుపుకు తుపాకీ ఆన్చి, ఊపిరి బిగబట్టి, చెవి వెనక గురిచూసి కొట్టింది. పొగ తేలిపోయాక దాని దగ్గరకు వెళ్ళి కూర్చుని మెడమీద చెయ్యి వేసింది. ఒళ్ళు వెచ్చగానే ఉంది. జగన్నాధం తువ్వాలు తీసి దాని మొహం మీద కప్పాడు.

పేలుడు విని ఊళ్ళోంచి నలుగురైదుగురు కత్తులు పట్టుకు వచ్చారు. ఇంత పెద్దదాన్ని అడవిలో పారేస్తారా, తలా ఒక వాటా పంచుకుందాం అన్నారు. గురమ్మ లేవలేదు. మీ కాళ్ళు పట్టుకుంటాను, వెళ్ళిపోండి అని మాత్రం అంది. జగన్నాధం ఆమె పక్కన నిలబడి, వాళ్ళందరి ముందే ఫారెస్టు వాళ్ళకు ఫోను చేశాడు. పంట నష్టం గురించి మొన్ననే మాట్లాడిన నంబరు అది. ఆ మాట వినేసరికి వచ్చినవాళ్ళు ఒకరొకరే దిగిపోయారు.

బీట్ ఆఫీసరు అనిత సిబ్బందితో వచ్చేసరికి పొద్దు వాలింది. చిన్న వయసే కాని తొందరపాటు లేని మనిషి. రెండు గాయాలూ చూసింది, జాడ వెంట కొంతదూరం తానే నడిచి వచ్చింది. మొదటి దెబ్బ ఎవరిదని అడిగింది.

"సెవి ఎనక కొట్టింది నాను. కాలిరగ్గొట్టినోడు ఆడి నోటితో ఆడే సెప్పాల," అంది గురమ్మ.

అనిత రాసుకుంది. తర్వాత, కాలు విరిగిందని తెలిసిన వెంటనే మాకు చెప్పి ఉంటే డాక్టర్ని తెచ్చేవాళ్ళం కదమ్మా, బతికేదేమో అంది. గురమ్మకు ఆ సంగతి తట్టనే లేదు. తండ్రి నేర్పినదాంట్లో అలాంటి దారి ఒకటి లేదు. అనిత అన్న ఆ మాట ఇప్పటికీ ఆమెను నిద్రపోనివ్వదు.

పశువుల డాక్టరు చూశాక కణుజును అడవిలోనే దహనం చేశారు. గురమ్మను తీసుకుపోయారు. కోర్టు ఆమెను రిమాండుకు పంపింది. నరసింగరావు ఆ సాయంత్రమే ఒడిశాలో ఉన్న అత్తవారింటికి పారిపోయాడు. జైలుకు చూడబోయిన జగన్నాధం తమ్ముడి పేరు చెప్పేస్తానన్నాడు. గురమ్మ ఒప్పుకోలేదు. చెబితే నువ్వు చెప్పినట్టవుతుంది, వాడు చెప్పినట్టవదు అంది. కంది కోశావా అని అడిగింది. మిగిలింది కోశానన్నాడు. అంతలో ములాఖత్ టైము అయిపోయిందని సెంట్రీ పిలిచాడు.

నరసింగరావు సంక్రాంతి వెళ్ళాక వచ్చాడు. ఇంటికి రాలేదు, నేరుగా రేంజి ఆఫీసుకు వెళ్ళి మొదటి దెబ్బ నాదని, తుపాకీ తెచ్చింది కూడా నేనేనని చెప్పాడు. ఎందుకొచ్చావని అడిగితే, అక్కడ అన్నం దిగలేదన్నాడట. అతనూ జైలుకు వెళ్ళాడు. గురమ్మకు ముందు బెయిలు వచ్చింది, తర్వాత అతనికి.

గురమ్మ గెడ్డవలస చేరిన కొద్దిరోజులకే మోటారు సైకిళ్ళ మీద మగవాళ్ళు కొందరు ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ముసలి పోతులు ఎక్కడ పడుకుంటాయో చూపించమని, పేరు బయటికి రాకుండా చూస్తామని బతిమాలారు. మంచినీళ్ళిచ్చి పంపేసింది. వాళ్ళు వచ్చిన సంగతి అనితకు ఫోను చేసి చెప్పింది.

కేసు ఇంకా నడుస్తోంది. మొదటి వాయిదాకు వెళ్తూ జగన్నాధం తమ్ముడితో మాట్లాడలేదు. బస్సులో అతను వెనక సీట్లో, వీళ్ళు ముందు సీట్లో కూర్చున్నారు. తిరుగు ప్రయాణంలో బస్సు కిక్కిరిసింది. నరసింగరావు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు, జైల్లో చిక్కిపోయి చొక్కా వదులైంది. గురమ్మ కిటికీవైపు జరిగింది, భర్తను కూడా జరగమంది.

"కూకో నరసింగా. దూరమున్నాది."

అతను అన్న మొహం వైపు చూశాడు. జగన్నాధం ఒళ్ళోని సంచీ తీసి కాళ్ళదగ్గర పెట్టి, చోటిచ్చాడు.