మైసన్న నోరు, మంజీర వాలుగ

మంజీరలో మైసన్న పట్టని చేప లేదు. ఈ మాట చెప్పేది మైసన్నే. ఒకసారి గాలానికి పడిన కొర్రమట్ట తనను నిజాంసాగర్ కట్ట దాకా ఈడ్చుకుపోయిందనీ, అక్కడి కాపలావాడు ఎవరు మీరని గద్దిస్తే చేపే తల పైకెత్తి జవాబిచ్చిందనీ చెప్పేవాడు. కట్ట కట్టి అప్పటికి ఏడెనిమిదేళ్లయి ఉంటుంది. ఆ కొర్రమట్ట మాత్రం కూర వండుకుని తిన్న తరువాత కూడా ఏటేటా పెరుగుతూనే ఉంది.

కొలతల్లో ఇంత ఘనుడు, చోటు విషయంలో మాత్రం పచ్చి సత్యవంతుడు. ఏ మడుగులో దొరికిందని ఎవరడిగినా దారి, మలుపు, గట్టు మీది చెట్టు గుర్తుతో సహా చెప్పేసేవాడు. అదే అతని కొంప ముంచింది. పోయిన ఏడు ఎల్లారెడ్డి అంగడిలో, పై ఊరి చేపలు పట్టేవాళ్లకు పెద్ద అయిన పర్శరాములు ఒక కల్లు ముంత చేతిలో పెట్టి తియ్యగా అడిగాడు. మైసన్న ఏనుగుమడుగు సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు. మరునాటికి పర్శరాములు మనుషులు మడుగును చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చుకుపోయారు.

మైసన్న ఊరికి పెద్దవల ఒక్కటే. కొన్ని ఇండ్ల వాళ్లు కలిసి అల్లింది, కలిసి లాగేది, దొరికింది కలిసి పంచుకునేది. దానికి పెద్ద ఎంకయ్య, మైసన్న భార్య ముత్తవ్వకు సొంత అన్న. "చెల్లె మొగడివని ఊకుంటే మడుగు మడుగే ఒప్పజెప్తివి. నీ తాడు ఇంకోనికిస్త" అన్నాడు, ఇచ్చేశాడు. తాడు పోతే వల లాగే చోటూ, పంపకంలో పాలూ పోయినట్టే. అప్పటి నుంచి మైసన్న ఒంటరిగా గాలం వేసుకుని వేలెడంత జెల్లలు తెచ్చేవాడు. ఆ జెల్లల తట్టతో వల ఇండ్ల ఆడవాళ్ల పక్కన కూర్చోలేక ముత్తవ్వ అంగడి చివర, పొగాకు అమ్మేవాళ్ల వరసలో కూర్చునేది.

ఈ ఏడు కాముణ్ని కాల్చిన బూడిద ఇంకా గాలికి పోకముందే మంజీర సన్నబడి మడుగులుగా విడిపోయింది. వాలుగలనే పెద్ద మీసాల చేపలు లోతు వదిలి, వేకువ చలిలో చిన్న చేపల వెంటబడి అంచుకు వచ్చే రోజులవి. ఏనుగుమడుగులో ఒకచోట నీళ్లు బానలా పొంగి అణగడం చూశామని బట్టలుతికేవాళ్లు చెప్పారు. ఊరికి నిద్ర పట్టలేదు. ముత్తవ్వ అన్న ఇంటికి వెళ్లి గడపలో కూర్చుంది.

"ఒక్కసారి సూడు అన్నా."

"ఏం సూడాలె? వాని నోరా?"

"నోరెందుకు, చేతులు సూడు. వల అడుగు లేవకుంట తొక్కిపట్టేటోడు మీల ఇంకెవడున్నడు?"

అది నిజమే కాబట్టి ఎంకయ్యకు కోపం వచ్చింది. "రమ్మను. వల నీళ్లల్ల పడ్డ కాడికెల్లి ఒడ్డెక్కేదాక వాని గొంతు వినవడొద్దు. వినవడ్డదా, మళ్ల తాడు మాట ఎత్తద్దు."

వల మూసుకునేటప్పుడు నోరు విప్పకూడదన్నది అందరికీ ఉన్న కట్టుబాటే. చప్పుడైతే వాలుగ తిరగబడి వల చించుకుపోతుంది. మిగతావాళ్లకు అది కట్టుబాటు, మైసన్నకు ఉరి.

తెల్లవారుతుండగా వల దిగింది. బెండ్లు నీటి మీద అర్ధచంద్రంలా తేలాయి. రెండు కొసల తాళ్లు ఒడ్డున ఉన్నవాళ్లు లాగుతున్నారు. మైసన్న నడుము లోతున వల వెనక నడుస్తూ, అడుగు తాడును కాలితో తొక్కుతూ వస్తున్నాడు. మడుగంతా చిన్న చేపలు ఎగిరి పడుతున్నాయి. ఒకటి అతని చెవి మీదే కొట్టింది. దాని గురించి చెప్పడానికి అప్పటికే అతని దగ్గర ఆరు మాటలు తయారుగా ఉన్నాయి. మింగాడు.

అంతలో అడుగు తాడు మునిగి ఉన్న మొద్దుకు తగిలి పైకి లేచింది. కింద మనిషి దూరేంత సందు. ఆ సందుకు ఎదురుగా, నీళ్ల కింద, నల్లటి వీపు ఒకటి నింపాదిగా ఇటు తిరిగింది. మైసన్న చెయ్యి ఊపాడు. ఎవరూ చూడలేదు, అందరి కళ్లూ బెండ్ల మీదే. అరిస్తే తాడు పోతుంది. ఊరుకుంటే చేప పోతుంది. మైసన్న ఊపిరి బిగబట్టి ఆ సందులో చతికిలబడ్డాడు.

నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. వాలుగ వచ్చి పొట్టలో గుద్దింది. దారిలేక పక్కకు తిరిగి అతని పిక్కను నోట పట్టింది. వాలుగ నోరు కళ్ల వెనక దాకా చీలి ఉంటుంది, లోపల పళ్లు రంపం పళ్లలా వరసలుగా ఉంటాయి. మైసన్న భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

ఒడ్డు నుంచి ఎంకయ్యే ఉండబట్టలేక గొంతు తగ్గించి అడిగాడు. "ఏందిరా గాడ గట్ల కూసున్నవ్? పెండ్లి పీటలెనా?"

మైసన్న నీళ్ల కిందికి వేలు చూపించాడు.

"కడుపు నొస్తుందా?"

మైసన్న తల అడ్డంగా ఊపాడు. అప్పుడే వాలుగ పట్టు మార్చి మళ్లీ కరిచింది. తువ్వాలు జారిపోయింది. ఆ కేకకు కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. కామారెడ్డి స్టేషన్లో రైలు డ్రైవరు అది గార్డు కేకనుకుని బండి ఆపేశాడని కూడా అంటారు. కేక పెడుతూనే మైసన్న రెండు చేతులూ చేప చుట్టూ వేసి, దవడల వెనక వేళ్లు దూర్చి పట్టాడు. అందరూ నీళ్లలోకి దూకారు. వల, చేప, మైసన్న ఒకే మూటగా ఒడ్డెక్కారు.

నిలబెడితే చేప మైసన్న భుజం దాకా వచ్చింది. ఇది మైసన్న చెప్పిన కొలత కాదు, ఎంకయ్య నిలబెట్టి చూసిందే. జనం దాని చుట్టూ తిరుగుతూ నవ్వారు, ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. ఎంకయ్య కూడా నవ్వాడు, తరువాత ఆగాడు.

"చేప దొరికింది. షరతు పోయింది."

"బావా, అది కరిసింది."

"కరువక ముద్దు వెట్టుకుంటదా? కూత వెట్టినవ్. ఇయ్యాల్టి పాలు తీస్కో. తాడు మాట ఎత్తకు."

మైసన్న పంచె కొస చింపి పిక్కకు కట్టు కట్టుకున్నాడు. అతను మాట్లాడకపోవడం చూసి కొందరికి భయమేసింది.

ఆ రోజే ఎల్లారెడ్డి అంగడి. ఆ వాలుగ ముక్కలు కొయ్యడానికి చేతులు చాలక వల ఇండ్ల ఆడవాళ్లు ముత్తవ్వను తమ మధ్యకు లాక్కున్నారు. మధ్యాహ్నానికి తల ఒక్కటే మిగిలింది. అప్పుడు వచ్చాడు పర్శరాములు, చేతిలో నురగ పొంగుతున్న ముంత.

"మైసన్న తమ్మీ, ఎంత పొడుగుండె?"

"తల గిక్కడుంది. తోక ఇంకా బాటల వస్తున్నది."

"నీ ముచ్చట్లు మానవు గని, ఏ మడుగుల దొరికింది?"

ముత్తవ్వ చేతిలో కత్తి ఆగింది. ఎంకయ్య కళ్లు మూసుకున్నాడు. మైసన్నకు దారి, మలుపు, చెట్టు అన్నీ నాలుక మీదికి వచ్చేశాయి. పొగాకు వరసలో ముత్తవ్వ కూర్చునే చోటు ఖాళీగా కనబడింది. ముంత ఎత్తి సగం తాగాడు.

"కట్ట అవతల, బిచ్కుంద బాటల. రాతిరంత బండి తోలుకొచ్చినం. ఆడి చేపలు మరాఠీ చేపలన్నా. మన తెలుగు వలను సూసి గిదేందని దగ్గరికొస్తయి. ఒకటైతే నన్ను పలకరిద్దామని వచ్చి గిగో, పిక్క వట్టింది."

కట్టు విప్పి చూపించాడు. పర్శరాములు గాట్లను వంగి చూశాడు. మరాఠీ ముచ్చట మైసన్నది, బిచ్కుంద బాట మాత్రం నిజమని లెక్క వేసుకున్నాడు. ఇన్నేళ్లలో చోటు దగ్గర మైసన్న అబద్ధమాడింది లేదు మరి. ముంత కూడా తిరిగి తీసుకోకుండా తన మనుషులను కేకేస్తూ పోయాడు. వాళ్ల వల సాయంత్రానికే బండెక్కి కట్ట దిక్కు కదిలింది.

వల వాళ్లు నవ్వు ఆపుకోలేక తట్టల వెనక నక్కారు. ఎంకయ్య వచ్చి మైసన్న పక్కన కూర్చుని, మిగిలిన కల్లు తాగేశాడు.

"నీళ్లల్ల నీ అంత పనికిరానోడు లేడు" అన్నాడు. "అంగట్ల మాత్రం నువ్వు లేకుంటే మాతోని కాదు. రేపు పొద్దుగాల రా, కుడి తాడు నీది."

ముత్తవ్వ తలెత్తకుండా వాలుగ తలను రెండుగా కొడుతూ అంది: "కుడి తాడెట్ల గుంజుతడన్నా? ఒడ్డు వాలు అటే ఉంటది, కాలు కుంటుతున్నడు. ఎడమదియ్యి."

"నీ మొగనికి తాడిచ్చుడే ఎక్కువ, దిక్కు గూడ నువ్వే జెప్తవా" అన్నాడు ఎంకయ్య. ఎడమదే ఇచ్చాడు.