మా వంగనారు, చాచా తాడు

నా చిన్నప్పుడు నేను చేసిన తప్పుల్లో దొరికిపోయినవన్నీ మర్చిపోయాను గానీ, నా అంతట నేను ఒప్పుకున్నది మాత్రం నిన్న జరిగినట్టుంది.

కోడేరు దగ్గర మాకు చిన్న చేను ఉండేది. ఆ ఏడు వంగనారు పోయడానికి మడి కడుతూ మా నాయన నాకో పని చెప్పాడు. పాత వంగతోట మట్టి ముట్టుకోవద్దు, గట్టు అవతలి నుంచి కొత్త మట్టి తెమ్మన్నాడు. పాత తోటలో ఏ మొక్క పీకినా వేళ్ల నిండా బుడిపెలే. అది కంటికి ఆనని నులిపురుగుల పని అని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పట్లో మట్టి చెడిందనేవాళ్లం. ఎండలో నాలుగు గంపలు మోసేసరికి నాకు ఓపిక అయిపోయింది. మిగతా గంపలు పక్కనే ఉన్న పాత తోటలో నింపేశాను. పైగా నా తెలివికి నేనే మురిసిపోయాను.

నారు పచ్చగా లేచింది. నాయన పీకి కట్టలు కట్టి, సగం పక్కచేను చాచాకు ఇచ్చి రమ్మన్నాడు. చాచా పెబ్బేరు సంతలో పశువుల పలుపులు అమ్మే మనిషి. ఆ ఏడే మొదటిసారి అర ఎకరం కౌలుకు పట్టి వంగ వేయబోతున్నాడు. కాలువ దాటుతుంటే ఒక కట్ట నీళ్లలో పడింది. మట్టి కడుక్కుపోయి వేళ్లు బయటపడ్డాయి. వేళ్లకు ఆవగింజలంత బుడిపెలు! ఈ నారు నాటితే చాచా చేనూ మా పాత తోటలాగే అయిపోతుంది. చెబితే నాయన నా వీపు విమానం మోత మోగిస్తాడు.

చాచా ఇంటి ముందు తాడు పేనుతున్నాడు. కట్టలు దించాను గానీ కాళ్లు కదల్లేదు.

"ఏంది బేటీ, గట్ల మొఖం మాడ్చుకున్నవ్? జర ఇటు సూడు," అంటూ రెండు మూరల తాడు నా ముందు పెట్టాడు. "రెండు కొసలు పట్టుకో. వదలకుండ ముడెయ్యి సూద్దాం."

ఎంత తిప్పినా నాకు ముడి పడలేదు. చాచా నవ్వి, పంతులు ముందు పిల్లాడిలా ముందుగా చేతులు కట్టుకున్నాడు. అలాగే వంగి ఒక్కో చేత్తో ఒక్కో కొస పట్టుకుని చేతులు విప్పాడు. తాడు మధ్యలో ముడి!

"ముడి ఊకెనే పుట్టదు బేటీ. ముందుగాల నా చేతులల్ల ఉండె, గిప్పుడు తాడుకు పోయింది. గంతే."

ఈ ముళ్ల మీద లెక్కల్లో పెద్ద శాస్త్రమే ఉందని, కొసలు వదలకుండా లేని ముడిని పుట్టించలేమని మా అమ్మాయి కాలేజీలో చదివి చెప్పింది. ఆ రోజు మాత్రం చేతుల్లోంచి పోయిందన్న మాట నా గురించేనని, చాచాకు అంతా తెలిసిపోయిందనుకుని హడలిపోయాను. ఏడుస్తూ గంపల సంగతి చెప్పేశాను. నిజానికి ఆయనకేమీ తెలియదు, నన్ను నవ్వించాలనే తాడు తీశాడు పాపం.

చాచా కట్ట విప్పి వేళ్లు చూశాడు. ముఖం వాడిపోయింది. మళ్లీ నారు పోసుకునేసరికి అదును దాటిపోతుంది. కట్టలన్నీ బండ మీద ఎండకు పరిచి, ఎండాక కాల్చేస్తానన్నాడు.

"భూమిల పెట్టకముందే చెప్పినవ్. నా చేను బతికింది బేటీ," అన్నాడు. నన్ను వెంటబెట్టుకుని వచ్చి నాయనకు ముందు ఆ మాటే చెప్పాడు. అయినా నాయన ఒకటి తగిలించాడు. రెండో దెబ్బకు చాచా చెయ్యి అడ్డం పెట్టాడు. మా సగం నారు కూడా కాల్చేశాం. ఆ ఏడు చాచా వంగ మానుకుని జొన్న చల్లుకున్నాడు.

ఇప్పుడు వనపర్తి పక్కన మా పాలీహౌస్‌లో కీర పండిస్తున్నాం, నారు కూడా అమ్ముతాం. నిరుడు ఒక మడి నారులో బుడిపెలు కనబడ్డాయి. అప్పటికే ముగ్గురు రైతులు పట్టుకెళ్లారు. పాలీహౌస్‌లో ఆ పురుగు ఒకసారి చేరితే వదిలించుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. చెబితే మా పేరు పోతుందనీ తెలుసు. అయినా ముగ్గురికీ నేనే ఫోను చేశాను.

"నాటకున్రి, నా నారుల బుడిపెలున్నయ్," అన్నాను.

ఇద్దరు అప్పటికే నాటేశారు, తిట్టారు. మూడో ఆయన ఇంకా నాటలేదన్నాడు. ఆ ఒక్క చేనైనా బతికిందనుకుని, ఫోను పెట్టేసి చిన్నపిల్లలా ఏడ్చాను.